ఫ్లెక్సీ నుంచి నోటీసు దాకా: ఒక ఫిజియోథెరపిస్టుల సంఘానికి చేసిన పని

ఆంధ్రప్రదేశ్‌లోని ఒక ఫిజియోథెరపిస్టుల సంఘం తన సభ్యులతో, బయటి జనంతో మాట్లాడే పద్ధతిని సరిచేసుకోవడానికి డిజైనర్‌గా నన్ను పిలిచింది. సంఘం పేరు రాయడం లేదు, రాయాల్సిన అవసరమూ లేదు. ఇలాంటి సంఘాలు మన దగ్గర ల్యాబ్ టెక్నీషియన్లకు, ఫార్మసిస్టులకు, సివిల్ ఇంజినీర్లకు కూడా ఉన్నాయి, అన్నింటి కథా ఇంచుమించు ఒకటే. సభ్యులు వెయ్యి దాటారు. జీతానికి పనిచేసే మనిషి ఒక్కరూ లేరు. ఆఫీసు అంటే ప్రస్తుత సెక్రటరీ గారి క్లినిక్‌లో ఒక బీరువా. కార్యవర్గం రెండేళ్లకోసారి మారుతుంది, బీరువా కూడా అప్పుడే ఊరు మారుతుంది.

వాళ్ల రోజు ఎలా గడుస్తుందో ముందు చెప్పాలి. ఆ తర్వాత తీసుకున్న నిర్ణయాలన్నీ దాన్ని బట్టే నడిచాయి. పొద్దున తొమ్మిది, పది నుంచి ఒంటి గంట దాకా క్లినిక్. మధ్యాహ్నం భోజనం, వీలైతే ఒక కునుకు. సాయంత్రం ఐదు నుంచి రాత్రి తొమ్మిది దాకా మళ్లీ క్లినిక్. మధ్యలో పక్షవాతం వచ్చి మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి వ్యాయామాలు చేయించి రావడం. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకు షిఫ్టులు. సంఘం పని జరిగేది మధ్యాహ్నం రెండింటికీ నాలుగింటికీ మధ్య, లేదంటే రాత్రి పది తర్వాత. అదీ ఫోన్లోనే. ల్యాప్‌టాప్ తెరిచి చేయాల్సిన పని ఏదైనా ఆదివారానికి వాయిదా పడుతుంది, ఆదివారం ఎవరిదో పెళ్లి ఉంటుంది.

వాళ్లు అడిగింది కొత్త లోగో, లెటర్‌హెడ్, కొన్ని పోస్టర్ టెంప్లేట్లు, కుదిరితే సొంత యాప్. యాప్ మాట మొదటి మీటింగులోనే పక్కన పెట్టించాను. గూగుల్ ప్లేలో డెవలపర్ ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు, యాపిల్‌కు ఏడాదికి 99 డాలర్లు. డబ్బు పెద్ద అడ్డంకేమీ కాదు. కానీ ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లకు తగ్గట్టు యాప్‌ను సవరిస్తూ ఉండాలి, ఆ పని చూసే మనిషి ఈ సంఘంలో లేరు. "మా డెంటిస్టు ఫ్రెండు వాళ్ల సంఘానికి ఉంది కదమ్మా" అన్నారు కోశాధికారి గారు. "ఆయన చివరిసారి ఎప్పుడు తెరిచారో అడగండి సార్" అన్నాను. అక్కడి నుంచే ఫోన్ చేశారు. స్టోరేజ్ నిండిపోయిందని ఎప్పుడో తీసేశాడట.

ఏడాది మెసేజ్‌లు చదివితే తేలింది

డిజైన్ జోలికి వెళ్లకుండా, అంతకుముందు ఏడాదిలో సంఘం తరఫున పంపినవన్నీ అడిగి తీసుకుని చదివాను. గుడ్ మార్నింగ్‌లు, పండగ శుభాకాంక్షలు తీసేస్తే మిగిలిన రకాలు కొన్నే. సర్వసభ్య సమావేశం నోటీసు, వర్క్‌షాప్ ప్రకటన, ఉచిత శిబిరం, సభ్యత్వ రుసుము, ప్రభుత్వ ఉత్తర్వుల ఫార్వర్డ్‌లు, సన్మానాలు, ఎన్నికలు, సంతాపాలు. 2021లో జాతీయ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్ చట్టం వచ్చాక వీటికి ఇంకో రకం కలిసింది: "రిజిస్ట్రేషన్ ఎక్కడ చేయించుకోవాలి, ఏ కాగితాలు కావాలి" అన్న ప్రశ్న, దానికి రకరకాల జవాబులు.

చాలామటుకు బొమ్మలే. వర్క్‌షాప్ తేదీ కోసం వెతకాలంటే పోస్టర్ దొరికేదాకా పైకి జరుపుకుంటూ పోవాలి, బొమ్మలోని అక్షరం సెర్చ్‌కు చిక్కదు. సభ్యుల్లో చూపు లేనివాళ్లు కొందరున్నారు, ఫోన్ చదివి వినిపించే టాక్‌బ్యాక్ మీద ఆధారపడతారు. వాళ్లలో ఒకాయన, "సంఘం నుంచి ఏమొచ్చినా నాకు 'ఫొటో' అనే వినపడుతుందండీ, ఆ తర్వాత ఎవరికో ఫోన్ చేసి చదివించుకుంటాను" అన్నారు. అక్షరం ముందు, బొమ్మ తర్వాత అన్న నియమానికి ఆ తర్వాత ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఆలస్యం ఎక్కడ జరుగుతోందో కూడా కనపడింది. పోస్టర్ తయారీకి పట్టే టైము తక్కువ. సెక్రటరీ గారు రాసి, అది చేసే కుర్రాడికి పంపి, అతను చేసి, ప్రెసిడెంటు గారి ఓకే కోసం ఎదురుచూడటంలోనే రోజులు పోతున్నాయి. ప్రెసిడెంటు గారు పేషెంటు దగ్గర ఉంటే ఫోన్ చూడరు, అది వాళ్ల వృత్తిలో మర్యాద కూడా. అందుకని మొదట మార్చింది ఈ ఓకే పద్ధతి. ఐదుగురిని ఎంచి, వాళ్లలో ఏ ఇద్దరు సరే అన్నా నోటీసు వెళ్లొచ్చు అని కార్యవర్గం తీర్మానించింది. డిజైన్ పని చేయడానికి వచ్చి తీర్మానాలు రాయిస్తోందేంటి అని ఒకరిద్దరు గొణిగారు. నా లెక్కలో ఈ మొత్తం పనిలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఆ తీర్మానమే.

ఇక సంతాపాలు. అన్నింటికన్నా తొందరగా వెళ్లాల్సినవి అవి, అన్నింటికన్నా అధ్వాన్నంగా ఉన్నవీ అవే. చేతికి దొరికిన పాత పోస్టర్ మీదే పేరు మార్చి పెట్టేవాళ్లు. ఉగాది రంగులు వెనకే ఉండేవి, కింద కార్యవర్గం అంతా నవ్వుతూ ఉండేది.

జిల్లాలు పెరిగాక

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అప్పటిదాకా సంఘానికి పాత జిల్లాల లెక్కన శాఖలుండేవి. కొన్ని శాఖలు వెంటనే విడిపోయాయి, కొన్ని ఉమ్మడి జిల్లాగానే నడుస్తున్నాయి, ఒకటి రెండు చోట్ల ఎవరు ఎటో తేలలేదు. విడిపోయిన ప్రతి శాఖా సొంత లెటర్‌హెడ్ వేయించుకుంది. లోగోను వాట్సాప్‌లోంచి తీసి పెద్దది చేయడంతో అంచులు చెదిరి, ఒక్కో జిల్లాలో ఒక్కో రంగుకు మారింది.

ఇక్కడ అసలు చిక్కు పేర్ల పొడవు. ఒకవైపు ఏలూరు, బాపట్ల. ఇంకోవైపు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు, అల్లూరి సీతారామరాజు. లోగో పక్కన జిల్లా పేరు ఒకే వరుసలో పెడితే ఏలూరుకు చక్కగా కుదురుతుంది, కోనసీమ పేరు కంటికి ఆనదు. అందుకని కోనసీమ పేరుతోనే మొదలుపెట్టాను, అది పడితే మిగతావన్నీ పడతాయి. ఎడమన గుర్తు, పక్కన సంఘం పేరు, దాని కింద జిల్లా పేరుకు రెండు వరుసల చోటు. చిన్న పేరైతే రెండో వరుస ఖాళీగా వదిలేయాలి, చోటుంది కదా అని అక్షరాలు పెంచకూడదు. జిల్లాకొక లోగో ఫైలు చేసి ఇవ్వమన్నారు, ఇవ్వలేదు. ఒక్క ఫైలే ఇచ్చి, జిల్లా పేరు టైప్ చేసుకునే వీలు పెట్టాను. కోనసీమ జిల్లా పేరు, జిల్లా ఏర్పడిన కొన్ని నెలలకే మారింది. పేర్లు మారినప్పుడల్లా డిజైనర్‌ను పిలవాల్సి వస్తే ఆ పద్ధతి ఎక్కువ రోజులు నిలవదు.

లోగోలో ఇంకో చిక్కు ఉంది. పాతదానిలో తెల్లటి గుండ్రం మధ్య ఎర్ర క్రాస్. మన ఊళ్లలో మెడికల్ షాపు బోర్డు మీద, డాక్టర్ల కార్ల మీద ఎక్కడ చూసినా అదే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. తెల్లటి నేపథ్యం మీద ఎర్ర క్రాస్ అన్నది వైద్యానికంతటికీ గుర్తు కాదు. యుద్ధంలో సైనిక వైద్య సేవలకు రక్షణగా, రెడ్‌క్రాస్ సంస్థకు గుర్తుగా కేటాయించింది. 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం మన దేశంలో అనుమతి లేకుండా దాన్ని వాడకూడదు. ఈ సంగతి సర్వసభ్య సమావేశంలో పెట్టినప్పుడు పెద్ద చర్చే జరిగింది. "ఇన్నేళ్లుగా ఉంది, ఎవరడిగారు?" అన్న సీనియర్లున్నారు. "మన అర్హతల కోసం మనం చట్టం చూపించి మాట్లాడతాం, మన లోగో చట్టానికి విరుద్ధంగా ఉంటే ఎలా?" అని ఒక మేడమ్ గారు లేచి అడిగాక తీర్మానం నెగ్గింది. ఆకారం, నీలి రంగు అలాగే ఉంచి, క్రాస్ ఉన్న చోట వెన్నెముక వంపు ఒకటి గీశాను. దాన్ని కొత్త లోగో అనకుండా సవరించిన లోగో అన్నాం. అలా అంటే పాతవాళ్లకు కష్టం అనిపించదు. మిగిలిపోయిన లెటర్‌హెడ్‌ల మీద స్టిక్కర్లు వేశారు.

ఫొటోల వరుస

తెలుగు నేల మీద ఏ సంఘం ఫ్లెక్సీకైనా కింద వరుసగా ముఖాలు ఉండాల్సిందే. డిజైన్ చదువుకున్నవాళ్లం వాటిని చూసి మొహం చిట్లిస్తాం. ఈ పనిలో నేను అటువైపు నిలబడలేదు. జీతం లేకుండా పనిచేసే మనిషికి సంఘం ఇవ్వగలిగింది గుర్తింపు ఒక్కటే. అందం పేరు చెప్పి దాన్ని తీసేస్తే వచ్చే ఏడాది శిబిరానికి కుర్చీలు మోసేవాళ్లు దొరకరు. కాబట్టి ఫొటోలు ఉంటాయి, వాటికో పద్ధతి ఉంటుంది.

అందరివీ ఒకే సైజు. ఎడమవైపు రాష్ట్ర బాధ్యులు ముగ్గురు, కుడివైపు జిల్లావాళ్లు. ఆ పట్టీలో ఒక్కరున్నా వెలితిగా కనపడదు, పదిమందైనా ఇరుకుగా ఉండదు, సంఖ్య పెరిగితే రెండో వరుస వస్తుంది. ముఖ్య అతిథి పైన, విడిగా. ముందు వెనకలు పదవిని బట్టే. ప్రెసిడెంటు గారి ఫొటో పెద్దదిగా ఉండాలన్న వాదన కొంతసేపు నడిచింది. చివరికి ఆయనే వద్దన్నారు. ఈ వరుసను డిజైన్ ఫైలులో ఎంత గట్టిగా బిగించినా లాభం లేదు కాబట్టి కార్యవర్గ సమావేశం మినిట్స్ పుస్తకంలో రాయించాను. రాత్రి పదకొండింటికి ఎవరైనా ఫోన్ చేసి "నాది కాస్త ముందుకు జరుపు తమ్ముడూ" అంటే, పోస్టర్ చేసే కుర్రాడు "మినిట్స్‌లో ఉంది అన్నా, నా చేతుల్లో లేదు" అనగలడు. ఆ మాట అనగలగడం అతనికి పెద్ద రిలీఫ్.

సంతాపంలో మాత్రం పోయినవారి ఫొటో తప్ప ఇంకెవరిదీ ఉండదు. పేరు, ఊరు, పనిచేసిన చోటు, అంత్యక్రియల సమయం, కుటుంబంలో మాట్లాడాల్సినవారి వివరం. ఫొటో దొరక్కపోతే అక్షరాలతోనే వెళ్తుంది, దానికోసం ఆగకూడదు. దీనికి చెయ్యెత్తనివాళ్లు లేరు.

షాపు, ఫాంటు, ఫోను

చాలా ఫ్లెక్సీ షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లే నడుస్తున్నాయి. అవి యూనికోడ్, అంటే ఏ ఫోన్లోనైనా కంప్యూటర్లోనైనా చెల్లే అక్షరాల పద్ధతివి కావు. అక్కడ కొట్టిన తెలుగును వాట్సాప్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ఫోన్లో టైప్ చేసి పంపిన తెలుగును పాత ఫొటోషాప్‌లో పెడితే వత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. అందుకని షాపులో కుర్రాడు అంతా మళ్లీ కొడతాడు. ఆ కొట్టడంలోనే పేర్లు తప్పిపోతాయి, "సాయంత్రం 5" కాస్తా "ఉదయం 5" అవుతుంది. దీనికి మందు ఒక్కటే: షాపుకు అక్షరం పంపకూడదు, పీడీఎఫ్ పంపాలి. ఫాంట్లు పీడీఎఫ్‌లోనే ఇమిడి ఉంటాయి, ఆరడుగులకు పెంచినా అక్షరం అంచు చెదరదు. మొదట షాపులవాళ్లు ఇష్టపడలేదు, ఎందుకంటే వాళ్లకు డిజైనింగ్ చార్జీ పోతుంది. ఆ చార్జీ ఇచ్చేయమని సంఘానికి చెప్పాను. కొద్ది మొత్తమే, దాని మీద బేరం ఆడితే తర్వాత అర్జెంటు ప్రింటు దొరకదు.

ఫాంట్ల విషయంలో ఎక్కువ వెతకలేదు. శీర్షికలకు రామభద్ర, లోపలి మాటలకు మండలి. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఎవరైనా వాడుకోవచ్చు. పట్టించుకోవాల్సింది వరుసల మధ్య ఎడం. ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని చేసిన టెంప్లేట్లలో వదిలే ఎడం తెలుగుకు చాలదు, వత్తులు కింది వరుస గుడిని తాకుతాయి. సంఘం పోస్టర్లన్నిటిలో "రాష్ట్ర" అన్న మాట ఉంటుంది కాబట్టి దాన్నే కొలతగా పెట్టుకున్నాను. దాని కింద గుడి ఉన్న అక్షరం వచ్చినా రెండూ తగలకూడదు. అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు ఎడం పెడితే సరిపోయింది.

టెంప్లేట్లు కాన్వాలో, అంటే ఫోన్లోనే పోస్టర్లు చేసుకునే యాప్‌లో పెట్టాను. డిజైనర్లు కంప్యూటర్లో వాడే ఇల్లస్ట్రేటర్ ఫైళ్లు ఇచ్చి ఉంటే అవి బీరువాలోనే ఉండిపోయేవి. ఖాతా సంఘం ఈమెయిల్ మీదే ఉంది, ఎవరి సొంత మెయిల్ మీదా లేదు. మూల డిజైన్లు ఉన్న ఫోల్డర్‌కు "ముట్టుకోవద్దు" అని పేరు పెట్టాం, పని ఎప్పుడూ కాపీ తీసుకునే. ముట్టుకోకూడనివి కూడా కొద్దిగానే: లోగో, ఫాంట్లు, ఫొటోల పట్టీ. రంగు, బొమ్మ, శీర్షిక ఎంత పెద్దది అన్నవి జిల్లావాళ్ల ఇష్టం. అనంతపురంవాళ్లకు ఎరుపు కావాలంటే ఎరుపే. అన్నీ బిగించిన బ్రాండ్ పుస్తకాలు జీతాలిచ్చే కంపెనీల్లో నడుస్తాయి. ఇక్కడ ఎవరినీ ఆజ్ఞాపించలేం. పదో నియమం దగ్గర విసుగొచ్చి మొత్తం పక్కన పడేస్తారు.

నాలుగు వరుసల నోటీసు

అసలు పనిముట్టు మాత్రం పోస్టర్ కాదు, ఒక మెసేజ్ నమూనా. ప్రతి నోటీసుకు వరుస సంఖ్య. తర్వాత ఎవరికి, ఏం చేయాలి, ఎప్పటిలోగా, ఎవరిని అడగాలి. ఆ నాలుగూ అయ్యాకే మిగతా వివరం, ఆ తర్వాతే పోస్టర్. ఉదాహరణకు ఇలా ఉంటుంది: "నోటీసు 23. ఎవరికి: ఇంకా రెన్యువల్ చేయని సభ్యులకు. ఏం చేయాలి: రుసుము కట్టి రసీదు ఫొటో జిల్లా కోశాధికారికి పంపాలి. ఎప్పటిలోగా: మార్చి 31. ఎవరిని అడగాలి: మీ జిల్లా కోశాధికారి." గౌరవనీయులైన, మాన్యశ్రీ, సవినయంగా మనవి లాంటివి వద్దనలేదు. అవి నాలుగు వరుసల కిందకు వెళ్లాయి. మొదట్లో ఇది మర్యాద లేకుండా ఉందని పెద్దలకు అనిపించింది. రెండు మూడు నోటీసులు వెళ్లాక "ఎప్పుడు సార్, ఎక్కడ సార్" అని వచ్చే ఫోన్లు తగ్గాయి. ఆ ఫోన్లు ఎత్తేది వాళ్లే కనుక అభ్యంతరం కూడా తగ్గింది.

సంఖ్య పెట్టడం వల్ల మార్పులు చెప్పడం తేలికైంది. హాలు మారితే పోస్టర్ మళ్లీ వేసి పంపేవాళ్లు ఇదివరకు, రెండు పోస్టర్లూ గ్రూపుల్లో తిరుగుతూ ఉండేవి. ఇప్పుడు "నోటీసు 31: ఇది నోటీసు 28కి సవరణ, హాలు మారింది" అని వెళ్తుంది.

ఎక్కడ పంపాలన్నది వేరే చర్చ. 2022 దాకా వాట్సాప్ గ్రూపులో 256 మందికే చోటు. అందుకని సంఘానికి నంబర్లేసిన గ్రూపులు ఉండేవి, తనను రెండో గ్రూపులో ఎందుకు వేశారని అలిగినవాళ్లూ ఉన్నారు. ఆ ఏడాది పరిమితి 512కి, తర్వాత 1024కి పెరిగింది, ఏడాది చివర్లో కమ్యూనిటీలు వచ్చాయి. బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడదామని కొందరన్నారు గానీ, దానికి 256 మంది పరిమితి ఉంది, పంపేవాళ్ల నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. కమ్యూనిటీ తీసుకున్నాం. పైన ప్రకటనల గ్రూపులో బాధ్యులు మాత్రమే రాస్తారు, కింద జిల్లా గ్రూపుల్లో ఎవరైనా మాట్లాడుకోవచ్చు. ప్రకటనల గ్రూపులో సభ్యుల నంబర్లు ఒకరివొకరికి కనపడవు, ఇది ఊరికే వచ్చిన లాభం. అంతకుముందు సభ్యుల పేర్లు, నంబర్లతో ఒక పీడీఎఫ్ గ్రూపుల్లో తిరిగింది, అది యంత్రాలు అమ్మేవాళ్ల చేతికి చిక్కి, పేషెంటుకు కరెంటు చికిత్స పెట్టి కూర్చున్న టైములో డెమో ఇస్తామంటూ ఫోన్లు వచ్చేవి. గుడ్ మార్నింగ్‌లను జిల్లా గ్రూపుల్లో ఆపలేదు. ఆపితే మనుషులు అలుగుతారు, పైగా వాటి వల్ల ఒక పెద్దాయన క్షేమంగా ఉన్నాడని రోజూ తెలుస్తుంది.

ఎస్సెమ్మెస్ గురించి ఆలోచించి వదిలేశాం. టెలికాం నియంత్రణ సంస్థ 2018 నిబంధనల కింద గంపగుత్తగా మెసేజ్‌లు పంపాలంటే సంస్థను, పంపేవారి గుర్తును, మెసేజ్ నమూనాను కూడా ముందే రిజిస్టర్ చేయించాలి. పైగా ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 మాత్రమే. వత్తులు, గుణింతాలు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి. "సర్వసభ్య సమావేశం" అన్న రెండు మాటలకే 16 పోతాయి.

నంబరు కూడా సంఘానిదే అయి ఉండాలి. సంఘం పేరు మీద ఒక సిమ్ తీసుకుని, వాట్సాప్ బిజినెస్‌లో పెట్టించాను. అందులో తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులు ముందే రాసి పెట్టుకోవచ్చు. రిజిస్ట్రేషన్ కాగితాల గురించి అడిగినవాళ్లందరికీ అప్పటినుంచి ఒకే జవాబు వెళ్తోంది. ఆ సిమ్ రీచార్జి బాధ్యత కోశాధికారిది. కట్టకుండా వదిలేస్తే నంబరు చివరికి ఇంకెవరికో పోతుంది, దానితో పాటే సంఘం గొంతు కూడా.

వార్తలు పంపడానికి జిల్లాలకు ఒక గూగుల్ ఫారం కూడా ఇచ్చాం. ఎవరూ నింపలేదు. వాయిస్ మెసేజ్‌లు పంపారు. క్లినిక్ మూసి బండి తీసేముందు అర నిమిషంలో చెప్పేస్తారు, అది వాళ్లకు సులువు. ఫారం తీసేసి, వాయిస్‌లో చెప్పాల్సిన నాలుగు విషయాలను ఆ నాలుగు వరుసల ప్రకారమే చెప్పమన్నాం. జిల్లా శాఖల్లోని కుర్రవాళ్లు వంతులవారీగా వాటిని రాతలో పెడుతున్నారు.

2025 సెప్టెంబరు

ఈ పద్ధతికి అసలు పరీక్ష 2025 సెప్టెంబరులో వచ్చింది. ప్రపంచ ఫిజియోథెరపీ దినం సెప్టెంబరు 8. ఆ ఏడాది అంశం ఆరోగ్యకరమైన వార్ధక్యం, పెద్దవాళ్లు బలహీనపడకుండా, జారి పడకుండా చూడటం. జిల్లాలన్నీ శిబిరాలు పెట్టాయి, ఒకే టెంప్లేట్ నుంచి రకరకాల పోస్టర్లు వచ్చాయి. కొన్ని నాకు నచ్చాయి, కొన్ని నచ్చలేదు. అన్నింటిలో ఊరు, సమయం మాత్రం తప్పుల్లేకుండా ఉన్నాయి.

మర్నాడు, 9న, కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ నుంచి ఒక లేఖ బయటికొచ్చింది. ఫిజియోథెరపిస్టులు పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోకూడదన్నది దాని సారం. అదే ఏడాది జాతీయ కమిషన్ విడుదల చేసిన ఫిజియోథెరపీ పాఠ్యప్రణాళికలో పేరు ముందు డాక్టర్, వెనక పీటీ (ఫిజియోథెరపిస్టు) అని రాసుకోవచ్చని ఉంది. గ్రూపులు మండిపోయాయి. క్లినిక్ బోర్డులు మార్చాలా, లెటర్‌ప్యాడ్‌లు మార్చాలా, కేసులు పెడతారా అని ఒకటే టెన్షన్. 10న అదే కార్యాలయం, విషయాన్ని ఇంకా పరిశీలించాల్సి ఉందంటూ ముందురోజు లేఖను వెనక్కి తీసుకుంటూ ఇంకో లేఖ ఇచ్చింది. ఈ రెండో లేఖ వచ్చాక కూడా మొదటిది కొన్నిరోజులు తిరుగుతూనే ఉంది. ఫార్వర్డ్ అయిన బొమ్మకు తేదీ ఎవరు చూస్తారు?

సంఘం మొదటి నోటీసు 9 సాయంత్రమే వెళ్లింది. ఇద్దరి ఓకేతో, పోస్టర్ లేకుండా. ఎవరికి: అందరికీ. ఏం చేయాలి: బోర్డులు, ప్యాడ్‌లు ఏవీ మార్చొద్దు, మీడియాతో జిల్లా ప్రతినిధి తప్ప ఎవరూ మాట్లాడొద్దు. ఎప్పటిలోగా: తర్వాతి నోటీసు వచ్చేదాకా. ఎవరిని అడగాలి: సంఘం నంబరు. రెండో లేఖ వచ్చాక ఇంకో నోటీసు, "ఇది వచ్చాక ముందుదాన్ని చూడనక్కర్లేదు" అన్న మాటతో, లేఖ తేదీతో సహా. ఆ తర్వాత ఎవరు పాత లేఖ పెట్టినా గ్రూపులోని సభ్యులే నోటీసు సంఖ్య చెప్పి ఆపారు. ఒక కుర్రాడు మొదటి నోటీసును అందమైన పోస్టర్‌గా చేసి పంపబోతే సెక్రటరీ గారే ఆపించారని విన్నాను. రంగుల పోస్టర్ అయితే నెలల తరబడి తిరుగుతుంది, అక్షరాల మెసేజ్ అంతకాలం తిరగదు.

చట్టం అడిగే నోటీసు

వాట్సాప్‌లో అన్నీ కుదరవు. సంఘం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైంది, సర్వసభ్య సమావేశానికీ ఎన్నికలకూ నోటీసు ఎలా ఇవ్వాలో బైలాస్‌లో, అంటే సంఘం నియమావళిలో రాసి ఉంది. అది చదివితే సర్టిఫికెట్ ఆఫ్ పోస్టింగ్ (ఉత్తరం పోస్టు చేశామని తపాలా ఆఫీసు ముద్ర వేసి ఇచ్చే రుజువు) కింద పంపాలని ఉంది. తపాలా శాఖ ఆ సదుపాయాన్ని 2011లోనే ఎత్తేసింది. అంటే అప్పటినుంచి ఏ నోటీసూ బైలాస్ ప్రకారం ఇచ్చినట్టు కాదు. ఓడిపోయినవాళ్లెవరైనా కోర్టుకెళ్తే ఎన్నిక మొత్తం చిక్కులో పడేది. ఈమెయిల్, సంఘం ప్రకటనల గ్రూపు, కోరినవారికి స్పీడ్ పోస్టు అని మార్చి, ప్రత్యేక తీర్మానం చేసి, రిజిస్ట్రారు దగ్గర దాఖలు చేశారు. ఇది వకీలు చూసుకున్న పని, నాది కాదు. కానీ బైలాస్ చదవకుండా సంఘాలకు కమ్యూనికేషన్ డిజైన్ చేసేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది.

ఈమెయిల్‌లో ఒక పరిమితి గుర్తుంచుకోవాలి. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు 500 మందికే పంపగలం. కాబట్టి ఎన్నికల నోటీసును జిల్లాల వారీగా విడదీసి, కొన్ని రోజుల్లో పంపుతారు. గడువు తేదీ లెక్క ఆఖరి జిల్లాకు వెళ్లిన రోజు నుంచి.

అప్పగింత

ఈ మధ్య కార్యవర్గం మారింది. కొత్త సెక్రటరీ గారు రాయలసీమవారు. బీరువా లారీ ట్రాన్స్‌పోర్టులో వెళ్లింది. సిమ్, ఈమెయిల్ పాస్‌వర్డ్, కాన్వా ఖాతా, నోటీసుల వరుస పుస్తకం మాత్రం ఒక మధ్యాహ్నం టీ తాగుతూ ఫోన్ల మీదే చేతులు మారాయి. అప్పగింత కాగితం ఒక్క పేజీ, ఇద్దరూ సంతకం పెట్టి మినిట్స్ పుస్తకంలో అంటించారు. అందులో ఎలా వాడాలి అన్న పాఠం లేదు, ఏది ఎక్కడుంది, ఎవరి దగ్గర తాళం ఉంది అన్నదే ఉంది. వాడుక వీడియోలు చేసి ఇవ్వమని అడిగారు, నేను మొగ్గు చూపలేదు. స్క్రీన్ మారిన రోజు ఆ వీడియో పనికిరాదు, ఎవరో ఒక కుర్రాడు పక్కన కూర్చుని చూపించడమే నిలుస్తుంది.

కొత్త కార్యవర్గం వచ్చీ రాగానే పోస్టర్లలో నేను పెట్టిన నీలం తీసేసి ఆకుపచ్చ పెట్టింది, శీర్షికలకు నీడలు కూడా వేసింది. నాకైతే నచ్చలేదు. లోగో, ఫాంట్లు, ఫొటోల పట్టీ, నాలుగు వరుసలు అలాగే ఉన్నాయి కాబట్టి ఏమీ అనలేదు.

మిగిలిపోయిన పని సభ్యుల జాబితా. ఎక్సెల్‌లో కోశాధికారి దగ్గర ఒకటి, జిల్లాల దగ్గర ఒక్కొక్కటి, ఏ రెండూ ఒకటి కావు. ఊళ్లు మారినవాళ్లు, దుబాయ్, ఐర్లాండ్ వెళ్లినవాళ్లు, పాత నంబర్లు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక ఎవరి నంబరు ఎందుకు దాస్తున్నారో చెప్పి, వాళ్ల సమ్మతి తీసుకుని పెట్టుకోవాలి. రెన్యువల్ ఫారంలోనే ఆ సమ్మతి వాక్యం చేర్చాం, వచ్చే మార్చికి రెన్యువల్ చేసినవాళ్ల వివరాలతో కొత్త జాబితా మొదలవుతుంది. పాత జాబితాలను అప్పుడు తీసేయాలని కార్యవర్గం అనుకుంటోంది, జిల్లాలు ఇంకా ఒప్పుకోలేదు.